అమెరికా వాకిలియు ముల్కీ ప్రశ్నయు

ఇంటికి వాకిలి యుండుట తప్పు కాదు. తలుపు లేని యిల్లు ఇల్లు గాక సత్రమగును. ఐతే ఆ తలుపు ఎవరికి తీయవలెను, ఎవరికి మూయవలెను, ఏ కారణమున మూయవలెను అను విచారమునందే గృహస్థుని ధర్మము వెల్లడి యగును. దేశములకును ఇదియే న్యాయము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ తలుపును గూర్చిన వాదము నూఱేండ్లకు పైగా నడచుచున్నది. నేడు ఆ వాదము మన తెలుగునాట నగరములను దాటి, నారాయణఖేడు వంటి సరిహద్దు పట్టణముల వఱకు ఇంటిమాటయై ప్రాకినది. అక్కడి ప్రభుత్వ మొక యుత్తరువు చేయగా ఇక్కడి తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. అక్కడి పత్రికలలో నొక వ్యాఖ్య వెలువడగా ఇక్కడి వివాహములు నిలిచిపోవును. ఇట్టి స్థితిలో ఆ వాదము వెనుకనున్న చరిత్రను ఎఱుగక కేవలము సంతోషించుటయో, కేవలము దూషించుటయో వివేకుల లక్షణము కాజాలదు.

అమెరికాలో కన్సర్వేటివు పక్షమనగా పరిరక్షణవాదుల పక్షము. అనగా పూర్వులవలన సంక్రమించినదానిని కాపాడుకొనవలె ననువారు. వీరిని మనవారు తఱచుగా ఒకే ముద్దగా భావించి, వారందఱును పరదేశీయులకు శత్రువులని తలంతురు. ఇది సరికాదు. కాపాడవలసినది ఏది యను ప్రశ్న వచ్చినప్పుడెల్ల ఆ పక్షము రెండుగా చీలినది. కాపాడవలసినది రాజ్యాంగము, శాసనము, స్వేచ్ఛగా కష్టించి యార్జించుకొను హక్కు అని యొక తెగవారు చెప్పిరి. కాపాడవలసినది జనసంఘముయొక్క రక్తము, వర్ణము, వంశము అని రెండవ తెగవారు చెప్పిరి. మొదటివారి చేతిలో తాళపుచెవి యున్నప్పుడు తలుపు కొంత తెఱచుకొన్నది. రెండవవారి చేతికి వచ్చినప్పుడు మూసికొన్నది. తెలుగువారి అమెరికా చరిత్రయంతయు ఈ రెండు చేతుల నడుమ జరిగిన చరిత్రయే.

మొదట మూసిన కాలమును గూర్చి చెప్పుదము. 1907 సెప్టెంబరులో వాషింగ్టను రాష్ట్రమందలి బెల్లింగ్‌హాం పట్టణమున కొన్ని వందలమంది తెల్లవారు గుంపుగూడి, కలప కోతమిల్లులలో పనిచేయుచున్న హిందూస్థానపు కూలీలను వారి నివాసములనుండి ఈడ్చి ఊరి వెలుపలికి తఱిమివేసిరి. ఆ కూలీలలో పలువురు పంజాబువారు. తఱిమినవారు ధనవంతులు గారు, వారును కూలీలే. తలుపు మూయవలె నను కోరిక పరిరక్షణవాదులలోనే గాక కార్మిక సంఘములలోను బలముగా నుండెనని దీనివలన తెలియుచున్నది. ఆ దినములలోనే, 1912లో, కనిగిరి ప్రాంతమునకు చెందిన దరిశి చెంచయ్యగారు అమెరికా చేరి, బర్కిలీ విశ్వవిద్యాలయమున చదువుచు, 1913లో ఏర్పడిన గదరు పార్టీలో చేరిరి. చెఱసాలల పాలై, పిదప సంఘసంస్కరణ కార్యమునకు అంకితులైన ఆ మహాశయుడు తన జీవితచరిత్రను 'నేనూ నా దేశం' అను పేర వ్రాసియున్నాడు. అప్పటికి విద్యార్థికి తలుపు పూర్తిగా మూసికొనలేదు. 1917 ఫిబ్రవరిలో అధ్యక్షుడు విల్సను నిరాకరించినను లెక్కచేయక, అమెరికా శాసనసభ యొక వలస శాసనమును నెగ్గించెను. ఆసియాఖండమున గీతలు గీసి, ఆ గీతలలోపలి దేశములవారు వలస రాగూడదని యది విధించెను. హిందూదేశము ఆ గీతల లోపల నుండెను. చదువరులును మఱికొన్ని వృత్తులవారును మాత్రము మినహాయింపు పొందిరి. దానితోబాటు వచ్చువారికి చదువను రానిచో ప్రవేశము లేదను నియమమును జేర్చిరి. ఈ నియమమునకై రిపబ్లికను పక్షపు సెనేటరు హెన్రీ కేబట్ లాడ్జి యిరువదేండ్లకు పైగా పాటుపడినాడు.

ఇక న్యాయస్థానముల తీరు చూడుడు. అమెరికా పౌరుడగుటకు 'తెల్లవాడు' కావలెనని పూర్వమొక శాసన ముండెను. నీగ్రోలకు అంతర్యుద్ధానంతరము వేఱుగా హక్కు కలిగెను. తకావో ఒజావా యను జపానుదేశీయుడు ఇరువదేండ్లు అమెరికాలో నివసించి, అచ్చటనే చదివి, ఇంట ఆంగ్లమే మాటలాడుచు, పౌరసత్వమును కోరెను. 1922 నవంబరులో సుప్రీముకోర్టు, తెల్లవాడనగా కకేషియను జాతివాడని నిర్వచించి, జపానువాడు ఆ జాతి గాడని త్రోసివేసెను. మూడు మాసములు దాటగానే, 1923 ఫిబ్రవరి 19వ తేదీన, భగత్‌సింగు తిండ్ అను పంజాబు సిక్కు వ్యాజ్యెము తీర్పునకు వచ్చెను. అతడు మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యమున చేరి యూనిఫారము ధరించినవాడు. నాటి జాతిశాస్త్రజ్ఞులు ఉత్తర హిందూస్థానమువారిని కకేషియను జాతిలోనే చేర్చుచుండిరి. అట్లయిన మొన్నటి నిర్వచనముచేత ఇతడు అర్హుడు గదా! కాని కోర్టు, శాస్త్రజ్ఞుల మాట పనికిరాదు, సామాన్యజనులు తెల్లవాడని యెవనిని తలంతురో వాడే తెల్లవాడు అని మాట మార్చినది. రెండు తీర్పులను వ్రాసినవాడు ఒక్కడే: జస్టిస్ జార్జి సదర్లండు. ఆయన యూటా రాష్ట్రమునుండి రిపబ్లికను సెనేటరుగా పనిచేసి, పరిరక్షణవాద న్యాయమూర్తులలో అగ్రగణ్యుడని పేరు పొందినవాడు. ఈయన పుట్టినది అమెరికాలో గాదు, ఇంగ్లండులో. తాను పసితనమున దాటి వచ్చిన తలుపును, యుద్ధమున సేవచేసినవాని ముఖముమీద మూసినాడు.

ఆ తీర్పుతో పౌరులైన హిందూదేశీయులలో పలువురి పౌరసత్వము రద్దు చేయబడెను. 1915లో భార్యను, మువ్వురు కుమారులను వెంటబెట్టుకొని శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, 1921లో పౌరుడైన వైష్ణోదాస్ బాగాయి అనునతడు, పౌరసత్వమును పోగొట్టుకొని, ఏ దేశమునకును చెందనివాడై, 1928లో ఆత్మహత్య చేసికొనెను. 1924లో అధ్యక్షుడు కూలిడ్జి సంతకముతో వచ్చిన శాసనము, పౌరుడగుటకు అర్హత లేనివాడు వలసదారుడుగా ప్రవేశించుటకును అర్హుడు కాడని తలుపునకు గొళ్ళెము కూడ వేసినది. ఈ కూలిడ్జియే మూడేండ్లకు ముందు, ఉపాధ్యక్షుడుగా ఎన్నికైయున్న సమయమున, గృహిణులు చదువు ఒక మాసపత్రికలో, భిన్నజాతులు కలియరాదని వ్యాసము వ్రాసియుండెను. సంసారుల మనస్సులను మొదట పత్రికలు సిద్ధపఱచును. శాసనము పిదప వచ్చును.

ఆ మూసిన తలుపు లోపల నొక తెలుగువాడు పనిచేయుచుండెను. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు చదువునకై బోస్టను చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ప్రాణులు కండరములను కదలించుటకు శక్తి నెట్లు నిలువచేసికొనునో తెలుపు గొప్ప రసాయనశోధనలు పిదప వచ్చినవి. హార్వర్డున ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధశాల చేరెను. అచ్చట ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారైనది. దానికి ప్రతిగా నిలుచు మందులు తయారై, 1947, 1948 సంవత్సరములలో డాక్టరు సిడ్నీ ఫార్బరు వానిని రక్తపు కాన్సరు సోకిన పిల్లలకిచ్చి మొదటిసారిగా వ్యాధిని కొంతకాలము అణచగలిగెను. బోదకాలునకు నేటికిని మన జిల్లాలలో పంచిపెట్టు డి.ఇ.సి. మాత్ర ఆ ప్రయోగశాల నుండి వచ్చినదే. ఇంతటి ఉపకారము చేసినవాడు ఆ దేశపు శాసనము దృష్టిలో ఇరువదేండ్లకు పైగా పౌరుడగుటకు తగనివాడు. తగనివాడగుట ఆయన గుణమువలన గాదు, పుట్టుకవలన. 1946లో శాసనము మాఱి అర్హత వచ్చినను, ఆయన పౌరుడు కాకయే 1948 ఆగస్టులో గతించెను. నేడు మనవారు, మా పిల్లలు ప్రతిభచేత అమెరికా చేరిరని గర్వించునప్పుడు సుబ్బారావుగారిని తలంపవలెను. ప్రతిభ నాడును గలదు. లేనిది శాసనము.

1946నాటి మార్పు ఎవరివలన వచ్చెను? ఇచ్చట మన సులభమైన తలంపులు తలక్రిందులగును. ఆ శాసనమునకు పేరిచ్చినవారు ఇద్దఱు: బ్రూక్లిన్ నుండి ఎన్నికైన డెమోక్రాటు ఎమాన్యుయేలు సెల్లరు ఒకడు, కనెక్టికట్ రాష్ట్రపు రిపబ్లికను ప్రతినిధి, కమ్యూనిజమునకు బద్ధశత్రువు, పరిరక్షణవాదిని యని ప్రసిద్ధి చెందిన క్లేర్ బూత్ లూస్ అను స్త్రీ రెండవది. జూలై 2వ తేదీన అధ్యక్షుడు ట్రూమను దానిపై సంతకము చేసెను. హిందూదేశీయులకు పౌరులగు హక్కు వచ్చినది. ఏటికి నూఱుమంది వలస రావచ్చునని పరిమితి యేర్పడినది. నలుబది కోట్ల జనులున్న దేశమునకు నూఱుమంది! పరిహాసమువలె తోచును. ఐనను, రక్తము కారణముగా పౌరత్వము నిరాకరింపరాదను సూత్రము మనవారికి అప్పుడు తొలిసారి అంగీకృతమైనది. వాకిలి నిండ తెఱచుకొనకున్నను సందు పడినది.

అసలు తెఱపు 1965లో కలిగెను. అక్టోబరు 3వ తేదీన స్వాతంత్ర్యదేవతా విగ్రహము పాదములచెంత అధ్యక్షుడు జాన్సను సంతకము చేసిన శాసనము, దేశమునుబట్టి జాతినిబట్టి ఏర్పఱచిన పాత పరిమితులను తీసివేసెను. దీని కథయందొక విచిత్రము గలదు. ఓహయో రాష్ట్రమునుండి వచ్చిన మైకేలు ఫేగను అను ప్రతినిధి ఉపసంఘాధ్యక్షుడై, ఈ మార్పును చాలకాలము అడ్డగించెను. అతడు డెమోక్రాటే యైనను ఈ విషయమున పరిరక్షణవాదుల పక్షమువాడు. తుదకు ఒక మెలికతో సమ్మతించెను: విద్యావంతులకంటె, అమెరికాలో నున్నవారి బంధువులకు ముందు స్థానమీయవలెను. అప్పటి అమెరికనులలో అత్యధికులు ఐరోపా సంతతివారు గాన, బంధువులును ఐరోపావారే వత్తురు, జనసంఘము పాత రూపముననే నిలుచును అని లెక్క వేసిరి. జరిగినది వేఱు. ఐరోపావారు సంపన్నులై రాకమానిరి. వైద్యులుగ, ఇంజనీర్లుగ వెళ్ళిన కొలదిమంది ఆసియావారు తమ తోబుట్టువులను, తల్లిదండ్రులను పిలుచుకొనిరి. ఆ వచ్చినవారు తమవారిని పిలిచిరి. ఉమ్మడి కుటుంబపు బలమేమో ఎఱుగనివారు వ్రాసిన శాసనము, ఉమ్మడి కుటుంబములవారికే మేలు చేసినది. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘము, అనగా తానా, స్థాపింపబడుటకు వలయునంత జనము ఈ మార్గముననే చేరిరి.

1990 నవంబరులో రిపబ్లికను అధ్యక్షుడైన మొదటి బుష్ సంతకము చేసిన శాసనము మూడవ ఘట్టము. హెచ్-1బి యను పేరుతో ఏటికి 65,000 మంది నిపుణులకు తాత్కాలికముగ పనిచేయ ననుమతి నిచ్చినది అదియే. 2000 సంవత్సరము కంప్యూటర్ల తేదీలు దిద్దు పని రాగా, ఆ సంఖ్య కొన్ని యేండ్లు 1,95,000 వఱకు పెఱిగెను. 1998లో హైదరాబాదున సైబర్ టవర్సు తెఱవబడెను. 2008లో అమెరికా కాన్సలేటు వెలసెను. పల్లెపల్లెను ఇంజనీరింగు కళాశాలల బస్సులు తిరుగసాగెను. 2018లో అమెరికాలోని వలస అధ్యయన కేంద్ర మొక లెక్క ప్రకటించెను: 2010 మొదలు 2017 వఱకు అమెరికాలో మాటలాడువారి సంఖ్య అన్నిటికంటె వేగముగ పెఱిగిన భాష తెలుగు, పెరుగుదల నూటికి 86 పాళ్ళు. ఆ వార్త విని మన పత్రికలు పండుగ చేసికొనినవి. కాని ఆ కేంద్రము వలసలను తగ్గింపవలె నను పరిరక్షణవాదుల సంస్థ. మనము అభినందనగా చదివినదానిని వారు హెచ్చరికగా వ్రాసిరి. ఒకే సంఖ్య ఒక యింట మంగళవాద్యము, మఱియొక యింట గంటమ్రోత!

ఈ కాలముననే పరిరక్షణపక్షపు రెండు గొంతులును స్పష్టముగ వినబడినవి. 1984 జూలైలో, ధనిక వర్తకులు చదువు వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక, సరిహద్దులు తెఱచియుండవలెనని రాజ్యాంగముననే వ్రాయుడని సంపాదకీయమున కోరెను. 1989 జనవరిలో పదవి వీడుటకు ముందుదినము అధ్యక్షుడు రీగను మాటలాడుచు, ఫ్రాన్సుకు పోయి నివసించినవాడు ఫ్రెంచివాడు కాజాలడు గాని, ఏ మూలనుండి వచ్చినవాడైనను అమెరికనుడు కాగలడను భావమును ప్రకటించెను. ఇది మొదటి గొంతు. 1992లో రిపబ్లికను పక్షపు అభ్యర్థిత్వమునకు పోటీచేసిన పాట్రిక్ బుకానను వలసలే దేశమునకు ముప్పని చాటెను. అదే యేట నేషనల్ రివ్యూ పత్రికలో, వలసలను పునర్విచారింపవలెనని పీటర్ బ్రిమిలో దీర్ఘవ్యాసము వ్రాసి, 1995లో గ్రంథముగ విస్తరించెను. ఇది రెండవ గొంతు. ఈ బ్రిమిలోయు ఇంగ్లండున పుట్టి అమెరికాకు వలస వచ్చినవాడే! సదర్లండు నాటి విచిత్రము డెబ్బది యేండ్లకు మరల కనబడినది. లోపలికి వచ్చినవాడే తలుపు మూయుటలో తొందరపడు నను మాట మానవస్వభావమునకు సంబంధించినది గాని ఒక దేశమునకు సంబంధించినది గాదు. రైలుపెట్టెలో స్థలము దొరకినవాడు తరువాతి స్టేషనులో ఏమిచేయునో మనకు తెలియనిది కాదు.

2024 డిసెంబరులో ఈ రెండు గొంతులును బహిరంగముగ కలహించినవి. ట్రంపు గెలిచిన కొలది వారములకే, ఆయన పక్షమునందలి ఎలాన్ మస్క్, వివేక్ రామస్వామి మొదలగు వ్యాపారస్థులు నైపుణ్యము గలవారిని రానీయవలెననిరి. అదే పక్షమువారైన ఇతరులు హెచ్-1బియే రద్దు కావలెనని వారిని దూషించిరి. 2025 జనవరి 20వ తేదీన ట్రంపు రెండవమాఱు పదవి చేపట్టిన దినముననే, తాత్కాలిక అనుమతిపై నున్నవారికి అచ్చట పుట్టిన బిడ్డలకు పౌరసత్వము ఈయవలదని ఉత్తరువు చేసెను. 1898 నాటి సుప్రీముకోర్టు తీర్పునకు ఇది విరుద్ధమని వ్యాజ్యెములు పుట్టి, క్రింది కోర్టులు దానిని నిలిపినవి. ఆ నిలిపిన న్యాయమూర్తులలో, పరిరక్షణవాదియైన రీగను నియమించిన వృద్ధుడొకడు గలడు. రాజ్యాంగమును పరిరక్షించువాడు ఒక్కొకప్పుడు తన పక్షమునే యెదిరింపవలసి వచ్చును. సెప్టెంబరు 19వ తేదీన, క్రొత్తగా కోరు హెచ్-1బికి లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన వెలువడినది. నాటి మారకమునుబట్టి అది సుమారు 88 లక్షల రూపాయలు. ఇట్టి ప్రభుత్వముననే ఉపాధ్యక్షుని భార్య చిలుకూరి ఉష తెలుగువారి యాడుబిడ్డ. 1965లో తెఱచిన తలుపు ఎంత లోపలికి త్రోవ చూపినదో ఇంతకంటె వేఱు నిదర్శన మక్కఱలేదు.

తలుపు దాటినవారికిని నెమ్మది లేదు. ఉద్యోగమునుబట్టి స్థిరనివాసపు అనుమతులు ఏటికి 1,40,000. ఏ యొక్క దేశమునకును నూటికి 7 పాళ్ళకు మించరాదు. అనగా సుమారు 9,800. కాని హెచ్-1బి అనుమతులలో నూటికి 70కి పైగా హిందూదేశీయులవే. ఏతము వేసి తోడి పోయునది చెఱువంత, పాఱుటకు త్రోవ పిల్లకాలువంత. కావున నిరీక్షణ దశాబ్దములకు పెఱిగినది. పసిబిడ్డలుగా వెంట వెళ్ళినవారు ఇరువదియొకటవ యేడు రాగానే తల్లిదండ్రుల వరుసనుండి తొలగి, ఆ దేశమున పరాయివారగుచున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రమున, మా దేశమునుండి పొండని కేకవేసి యొకడు హైదరాబాదునుండి వెళ్ళిన యువ ఇంజనీరును కాల్చిచంపెను. అడ్డుపడి గుండు దెబ్బ తిన్నవాడు కూడ తెల్లవాడే యని మఱువరాదు.

ఇంతవఱకు వారి సంగతి. ఇక మన సంగతి విచారింపవలసియున్నది. ఏలయనగా 'మా యుద్యోగములు మావారికే' యను మాట అమెరికనులు కనిపెట్టినది గాదు. తెలంగాణపు గాలిలో అది నూఱేండ్లుగా నున్నది. నిజాము రాజ్యమున ఉత్తర హిందూస్థానమునుండి అధికారులను రప్పించిన కాలమునుండియు ముల్కీ, గైరుముల్కీ భేదము పుట్టి, 1919 ఫర్మానాతో స్థిరపడెను. 1948 పిదప వెలుపలివారు ఉద్యోగములలో నిండిరను ఆవేదన 1952లో ఉద్యమమాయెను. 'నాన్‌ముల్కీ గోబ్యాక్', 'ఇడ్లీ సాంబార్ గోబ్యాక్' అని విద్యార్థులు కేకలు వేసిరి. సెప్టెంబరులో హైదరాబాదున కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 1969లో ఆ యగ్ని మరల ప్రజ్వరిల్లెను. 1972 అక్టోబరులో సుప్రీముకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని చెప్పగా కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్రోద్యమము లేచెను. 1974లో రాజ్యాంగమున 371డి అధికరణము చేరెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడుటకు ఈ దీర్ఘవేదనయే యొక కారణము. ఇట్టి చరిత్ర గల మనము, స్థానికుడు తన యన్నము కొఱకు అడిగినంతమాత్రమున వానిని దుష్టుడనుట చెల్లదు. ఓహయోలో కర్మాగారము మూతబడిన కూలివాని గోడును వినక, వాని మాటను జాత్యహంకారమని త్రోసివేసినచో, నాడు వరంగల్లు విద్యార్థుల గోడు వినని అధికారులకును మనకును భేదమేమి?

భేదము వేఱొకచోట గలదు. ఈ వ్యాసమునకు ప్రాణము అదియే. ముల్కీ నిబంధనలలో ఎన్ని లోపములున్నను, పదునైదేండ్లు ఈ దేశమున నివసించి ఇచ్చటనే యుండ నిశ్చయించినవాడు ముల్కీ కావచ్చునను వెసులుబాటుండెను. వాని భాష, కులము, మతము అడుగలేదు. అనగా ఆ తలుపునకు తాళమున్నను, తాళపుచెవిని నడవడిచేత సంపాదించుకొనవచ్చును. సదర్లండు మూసిన తలుపునకు తాళపుచెవియే లేదు. ఒజావా ఇరువదేండ్ల నివాసమును, తిండ్ సైన్యసేవయు, సుబ్బారావుగారి విద్యయు ఏదియు దానిని తెఱువజాలకపోయెను. న్యాయమైన కట్టుబాటునకును అన్యాయమైన కట్టుబాటునకును ఇదియే గీటుఱాయి: ఎంతమందిని రానిత్తురనునది గాదు, రాదలచినవాడు తన ప్రయత్నముచేత అర్హుడు కాగలడా లేడా యనునది. సంఖ్యను తగ్గింపవలె నను పరిరక్షణవాదితో మనము వాదింపవచ్చును, లెక్కలు చెప్పవచ్చును, ఓడవచ్చును కూడ. రక్తమును అడుగువానితో వాదమునకే తావులేదు. వానిని ఎదిరించుటయే ధర్మము. ఈ భేదమును ఎఱుగని నింద గురి తప్పిన బాణము.

నారాయణఖేడు చరిత్రయే ఈ విషయమున నొక పాఠము. 1956 నవంబరు వఱకు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనలో బీదరు మైసూరు రాష్ట్రమునకు పోగా, ఇది మెదకు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశమున కలిసెను. 2016లో సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చెను. మనుష్యులు సరిహద్దు దాటలేదు. సరిహద్దే మనుష్యుల మీదుగ నడచిపోయినది. నేటికిని ఇచ్చట తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒక్క సంతలోనే వినబడును. ఈ ప్రాంతపు తండాలనుండి లంబాడీ కుటుంబములు ఏటేట చెఱకు నఱకుటకు ఊరు విడిచి, కర్ణాటక మహారాష్ట్ర చక్కెర మిల్లుల వఱకు పోవుచుండును. భారత రాజ్యాంగపు 19వ అధికరణము వారికి ఆ హక్కిచ్చినది గనుక వారిని వీసా అడుగువాడు లేడు. కాని వారి బిడ్డల బడి యేమగుచున్నదో అడుగువాడును తక్కువయే. అట్లాంటా పోయిన బిడ్డ క్షేమమునకై వ్రతములు చేయు సంసారి, తన పొలము గట్టున గుడారము వేసికొన్న వలసకూలి బిడ్డను పలుకరించునా? పరదేశమున మనకు దొరకవలసిన ఆదరమును ముందు మన వాకిట చూపవలెను. అద్దెకు ఇల్లడుగ వచ్చినవాని కులము విచారించువాడు, అమెరికాలో వర్ణభేదమును గూర్చి దుఃఖించుటకు అర్హుడా?

మఱియు మన సంసారముల తప్పులు కొన్ని గలవు. 2019 జనవరిలో మిషిగను రాష్ట్రమున ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయమను పేరుతో ప్రభుత్వాధికారులే యొక బూటకపు విద్యాలయము నడిపి, అందు చేరిన 130 మంది విద్యార్థులను పట్టుకొనిరి. వారిలో 129 మంది హిందూదేశీయులు; తెలుగువారు పలువురు. ఎర వేయుట అధికారులకు కీర్తికరము గాదు. కాని తరగతులు లేని చదువు చదువు గాదని ఇంటి పెద్దలకు తెలియవలదా? ఇట్టి యొక్కొక్క కథ పరిరక్షణపక్షపు వ్యాఖ్యాతకు వేయి వాదములకంటె విలువైనది; నిజాయితీగ వెళ్ళిన వేలమంది దాని ఫల మనుభవింతురు. ఇక వివాహములు. అమెరికా సంబంధమని వరునికి వెల పెంచుట, ఆ కట్నమునకై వధువు తండ్రి భూమి నమ్ముట, వీసా పొడిగింపబడదనగానే ఆ వధువునే నిందించుట, ఇవి సంస్కారము గల యిండ్లలో జరుగదగినవి కావు. పరదేశపు ఉత్తరువు ఒక్కటి మాఱినంతనే కుప్పగూలు కాపురము, ఉత్తరువుమీద కట్టబడినది గాని ప్రేమమీద కట్టబడినది గాదు.

ఒకే వాకిలిని నమ్ముకొని బిడ్డల చదువునంతయు దానివైపే త్రిప్పుటయు అవివేకమే. 1917లో మూసిన తలుపు 1946లో సందు పడుటకు ఇరువదితొమ్మిదేండ్లు పట్టెను. ఒక తరము గడచిపోయినది. నేటి యుత్తరువులు ఎంతకాలము నిలుచునో జ్యోతిష్కులు చెప్పజాలరు. చరిత్ర చెప్పునది ఇంతమాత్రము: ఆ దేశమున తెఱచువారును మూయువారును ఎల్లప్పుడు ఉన్నారు, ఇద్దఱును ఒకే పక్షమున కూర్చుండియున్న కాలములును గలవు, మూయదలచి వ్రాసిన శాసనమే తెఱచిన సందర్భమును గలదు. కావున నేటి మూతకు అధైర్యపడవలదు, రేపటి తెఱపుమీద అప్పు చేయవలదు. భీమవరపు సుబ్బారావుగారు పౌరసత్వము లేకయే లోకమునకు ఔషధము లిచ్చినాడు. కనిగిరి చెంచయ్యగారు తిరిగివచ్చి స్వదేశమున సంస్కరణకార్యము చేసినాడు. తలుపు తెఱచినను మూసినను చెడని విద్యను, చెడని శీలమును బిడ్డల కొసగుట మన చేతిలోని పని. మన యింటి వాకిటికి వచ్చినవానిని పుట్టుక యడుగక నడవడి యడుగుటయు మన చేతిలోనిదే. ఈ రెండును చేయగల సంసారములు పెఱిగిననాడు, అమెరికా పరిరక్షణవాది యేమి వ్రాసినను మనము నిబ్బరముగ చదివి, అందు సత్యమున్న గ్రహించి, అసత్యమున్న ఖండింపగలుగుదుము.